చెన్నై ఒకటి

టైపు కొట్టేవాడు చదవకూడదు. ఈ మాట నేను చిత్తూరులో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పాను. చదివితే వేళ్ళు ఆగుతాయి. కన్ను అక్షరాన్ని చూడాలి, వేలు దాన్ని కొట్టాలి, మధ్యలో బుర్రకు పనిలేదు. పెళ్ళిపత్రికైనా, కోర్టు నోటీసైనా, చావు కబురైనా మనకు అన్నీ అక్షరాలే. ఈ నియమం తప్పినవాళ్ళకు స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి పడేది. నా శిష్యుల్లో కొందరు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. నేను కనబడితే నమస్కారం కూడా వేళ్ళు ముడుచుకునే పెడతారు.

నా ఉద్యోగ జీవితంలో అతి పెద్ద తప్పు ఆ నియమం వల్లే జరిగింది. ఆ సంగతి చెప్పడానికి కూర్చున్నాను. మీరంతా ఫోను చేతిలో పట్టుకుని పుట్టిన పిల్లలు, కాబట్టి కొన్ని పాత విషయాలు విడమరిచి చెప్పక తప్పదు. విసుక్కోకండి. విసుక్కున్నా నాకు కనబడదు లెండి.

కంప్యూటర్లు వచ్చి మా టైపు మిషన్లను పాత ఇనుము కింద తూకానికి పంపించాయి. అంతకు రెండేళ్ళ ముందే నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. చివరి మిషన్ను కాటా మీదికి ఎక్కించి ఇంటికి వచ్చిన రోజు, ఆ ఇంట్లో చప్పుడు చేసేది గోడ గడియారం ఒక్కటే. మరుసటి వారం దాని సెల్లు తీసేశాను.

అప్పుడు నా పాత శిష్యుడొకడు కబురు చేశాడు. తిరుపతిలో బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల షాపు మేడమీద ఆఫీసు పెట్టాడు. ఇంటర్నెట్టులో ప్రచారం చేసే పని. "రాండి సార్, మీ స్పీడు నాకు కావల్ల" అన్నాడు. యజమాని గుమాస్తాను సార్ అని పిలిచే ఆఫీసు రాయలసీమలో అదొక్కటే అయ్యుంటుంది. నేను ఏదైనా తప్పు చేస్తే తిట్టడానికి లేక, కిటికీ దగ్గరికి పోయి గొంతు సవరించుకునేవాడు పాపం.

ఆ పని పేరు సోషల్ బుక్‌మార్కింగ్. అప్పట్లో దానికోసమే కొన్ని వెబ్‌సైట్లు ఉండేవి. మనకు నచ్చిన పేజీ చిరునామాను అక్కడ దాచుకోవచ్చు. దాచుకున్నది అందరికీ కనబడుతుంది. పుస్తకంలో నెమలీక పెట్టుకుని, ఆ పుస్తకాన్ని బజారు అరుగు మీద వదిలినట్టన్నమాట. నలుగురు దాచిన పేజీ పైకొస్తుంది, పైకొచ్చినదాన్ని నలభైమంది తెరిచి చూస్తారు. బ్లాగులు రాసుకునేవాళ్ళు పాఠకుల కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. మేము రకరకాల పేర్లతో వాళ్ళ పేజీలను వందల సైట్లలో దాచేవాళ్ళం. పేజీ పేరు, చిరునామా, రెండు వాక్యాల పరిచయం, చివర ట్యాగులు. ట్యాగంటే ఆ పేజీ దేని గురించో చెప్పే ఒక్క మాట. ఆ మాటను వెతికినవాళ్ళకు మన పేజీ దొరుకుతుంది.

నా నోటుపుస్తకంలో ముప్పైకి పైగా పేర్లు ఉండేవి. ఆడపేర్లు, మగపేర్లు, ఏ ఊరివో తెలియని పేర్లు. ఎప్పుడూ ఒకరి పేజీలే దాస్తే సైటువాళ్ళు పసిగట్టి తరిమేస్తారు. అందుకని నా ఒక పేరు దాచినదాన్ని నా ఇంకో పేరు మెచ్చుకునేది. మూడో పేరు వచ్చి ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలో నాకు అంత మర్యాద నడిచేది. సొంత పేరుతో మాత్రం నేను ఏదీ దాచలేదు. దాచాలనిపించినది ఏదీ లేదు.

సాయంత్రం రైల్వే స్టేషను వెనక సందులో నా గదికి నడిచి పోయేవాణ్ణి. తిరుపతిలో ఒంటరిగా ఉండడం ప్రత్యేకమైన కష్టం. రోజూ వేలమంది దిగుతారు, ఏ ముఖమూ రెండోసారి కనబడదు. మెస్సులో ఎదురుగా కూర్చున్నవాడితో మాట కలిపితే, సాంబారు అన్నం అయ్యేలోపు అతని బస్సు వేళవుతుంది. దారి అడిగినవాళ్ళే తప్ప నాతో మాట్లాడినవాళ్ళు లేని వారాలు ఉన్నాయి.

ఆఫీసులో మాతో ఒక ముస్లిం అమ్మాయి పనిచేసేది. ముప్పై దాటిన మనిషి. వాళ్ళది గాజుల వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. ఆమె పని కౌంటర్లు చూడడం. అంటే ఏ బ్లాగుకు రోజుకు ఎంతమంది వచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అని చూపించే పట్టిక. నేను వేసిన గాలానికి చేప పడిందో లేదో ముందు తెలిసేది ఆమెకే.

ఒకరోజు నగరి నుంచి ఒక పెద్దాయన గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. మరమగ్గాల షెడ్డులో మేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. నగరిలో నెట్ సెంటరుకు పోయి, ఒక వేలితో కొట్టుకుంటూ తెలుగులో బ్లాగు రాస్తున్నాడు. మా యజమాని కుర్చీ వేసి, నెలలోపల వెయ్యిమంది పాఠకులు వస్తారని మొదలుపెట్టాడు.

"వెయ్యిమంది యాలప్పా నాకు?" అన్నాడు పెద్దాయన. "ఒకాయప్ప సదివితే సాలు."

"ఎవరు పెద్దాయనా?"

"నా జతగాడు. పద్దెనిమిదేండ్లు ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల కాడ ఉంటిమి. నేనొక మాట జారినా. ఎల్లిపోయినాడు. మద్రాసులో కూతురి కాడ ఉండాడంట. ఆ బిడ్డ కంప్యూటర్ పని చేస్తాదంట, ఈయప్ప పొద్దుపోక దాంట్లో తెలుగు ఎతుక్కోని సదువుతాడంట. వాళ్ళోళ్ళు నాకు అడ్రసు ఇయ్యరు. రెండు దినాలు మద్రాసంతా తిరిగినా. యాడని ఎతకల్ల?"

"వెయ్యిమంది వస్తే ఆ వెయ్యిలో ఆయన కూడా వస్తాడు, మీరు నిమ్మళంగా ఉండండి" అన్నాడు యజమాని.

పెద్దాయన నా వైపు తిరిగాడు. నేను తలెత్తకుండా కొడుతున్నాను. "ఈయప్ప సూడకుండానే కొడతా ఉండాడే!" అని ఆశ్చర్యపోయాడు. నాకు గర్వంగానే అనిపించింది. అది నేను సిగ్గుపడాల్సిన మాట అని అప్పుడు తెలియలేదు.

ఆ బ్లాగును పదిహేను రోజుల్లో రెండు వందల సైట్లలో దాచాను. ఒక్క పేజీ కూడా చదవలేదు. నగరి మనిషి, నగరి మగ్గాల గురించి రాశాడు, ఇంకేం కావాలి? ట్యాగు దగ్గర ఇంగ్లీషులో నగరి అని ఆరు అక్షరాలు కొట్టాను. రెండు వందల సార్లు, ఒక్క అక్షరం తప్పు పోకుండా.

జనం విరగబడి వచ్చారు. ఎక్కడెక్కడినుంచో! కాశీ, పూనా, నేపాలు, జర్మనీ. మా యజమాని ఆనందం పట్టలేక అందరికీ బాదంపాలు తెప్పించాడు. కౌంటర్ చూసే అమ్మాయి మాత్రం నుదురు చిట్లించింది.

"ఇంతమంది వచ్చేది బాగానే ఉండాది సార్. ఒక్కరూ నిలవలేదు. ఎనిమిది సెకండ్లు, ఏడు సెకండ్లు. కొండమీద దర్శనమే నయం."

వారం తిరక్కుండా పెద్దాయన గొడుగుతో సహా దిగాడు. అతనికి కౌంటర్ చూసుకోవడం ఆమే నేర్పించింది.

"ఏమప్పా, ఎనిమిది సెకండ్లలో ఏం సదువుతారు? తలుపు తీసేది, తొంగి సూసేది, మల్లుకోని పోయేది. నేనేమన్నా ఎగ్జిబిషను పెట్టినానా?" అని గట్టిగా అడిగాడు. "మద్రాసు నుంచి ఒక్కడూ లేడు!"

యజమాని కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయే కూర్చుని మూలం పట్టుకుంది. ఇంగ్లీషులో నగరి అని వెతికేవాళ్ళు మన ఊరికోసం వెతకడం లేదు. హిందీ రాస్తారే, ఆ లిపి పేరు నాగరి. ఇంగ్లీషులో రెండింటికీ అవే ఆరు అక్షరాలు. వచ్చినవాళ్ళంతా ఆ అక్షరాలు నేర్చుకునేవాళ్ళూ, వాటిని కంప్యూటరులో కొట్టడమెలాగో తెలియక తిప్పలు పడేవాళ్ళూ. మన తెలుగు చూసి బిక్కముఖం వేసి పోతున్నారు.

 అక్షరం తప్పుపోవడం నేను ఎరగను. ఇక్కడ అక్షరాలన్నీ ఒప్పే, మాటే తప్పు.

"సార్, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి" అంది ఆమె. "దాంట్లో ఏముండాదో ఒకసారి చదివి, తర్వాత ట్యాగు పెట్టండి."

నాకు కోపం వచ్చింది. టైపు మాస్టరుకు చదవమని చెప్పడమా అని రెండు రోజులు ఆమెతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ పాత ట్యాగులను ఒక్కొక్కటే పీకేస్తూ కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు కిందికి దిగాక, పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ బ్లాగు మొదటి పేజీ తెరిచాను.

డబ్బా మూత తీయడం మరిచిపోయాను. మరమగ్గాల షెడ్డులో మాట వినబడదట. ఆ రొదలో పక్కనున్నవాడితో మాట్లాడాలన్నా సైగలే. ఈ ఇద్దరికీ సొంత సైగలు ఉండేవట. మగ్గం చట్రం మీద ఇనుప బద్దతో టక్ టక్ అని రెండు దెబ్బలు కొడితే, టీకి పోదామా అని. అవతలివాడు టక్ అని ఒక్కటి కొడితే, పద అని. అంత రొదలోనూ ఆ దెబ్బ ఇద్దరికీ వినబడేదట. ఇట్లా పద్దెనిమిదేళ్ళు. పాపం ఒంటివేలితో కొట్టిన మనిషి, పేజీ నిండా అచ్చుతప్పులు. నేను ఒక్కటీ లెక్కపెట్టలేదు.

మరుసటి రోజు ఇంకో పేజీ. ఆ తర్వాతి రోజు ఇంకోటి. నా మధ్యాహ్నాలకు ఒక చోటు దొరికింది. మెస్సులో ఎదుటివాడు లేచిపోతే పోనీ అనుకునేవాణ్ణి, నాకు నగరిలో ఇద్దరు తెలిసినవాళ్ళు ఉన్నారు.

ట్యాగులు పీకేశాక జనం రావడం ఆగిపోయింది. వందలు పోయి పదులు, పదులు పోయి ఒకటీ అరా. యజమాని కిటికీ దగ్గరే తిరుగుతున్నాడు. అటువంటప్పుడు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి గొడుగు లేదు, చేతిలో స్వీటు డబ్బా ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"వచ్చేసినాడప్పా!" అన్నాడు వస్తూనే. "చెన్నై ఒకటి. దినామూ మధ్యాన్నం వస్తాడు. ఇరవై నిముసాలు, అరగంట ఉంటాడు. ఆయప్పే! మొదటి పేజీ కాణ్ణించి వరసగా సదవతా ఉండాడు. మీ రుణం ఎట్ల తీర్చుకోవల్ల?"

కౌంటర్ చూసే అమ్మాయి నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. మా ఆఫీసు నెట్టు లైను ఏ దారిన పోతుందో గాని, కౌంటరుకు తిరుపతి తెలియదు. ఇక్కడినుంచి ఎవరు తెరిచినా చెన్నై అనే చూపిస్తుంది. పెద్దాయన తన బ్లాగు తాను తెరిస్తే లెక్కలోకి రాకుండా ఆమె ముందే కట్టడి చేసింది. మేము దాచేటప్పుడు పేజీ తెరవము, చిరునామా ఒక్కటే కొడతాము. తెరిచింది నేను. మధ్యాహ్నాలు, వరసగా, మొదటి పేజీ నుంచి.

చెప్పేయాలి. నోరు తెరిచాను కూడా. అతను నా చేతిలో మైసూరుపాకు పెట్టి, "నువ్వే గదప్పా సూడకుండా కొట్టే మాస్టరు, నీ చేతి చలవ" అన్నాడు. నేను మైసూరుపాకు నోట్లో వేసుకున్నాను. పిరికివాడికి నోరు మూసుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అతను దిగిపోయాక ఆమె, "సార్, చెప్పాల్సింది" అంది.

"ఎట్ల చెప్పేదమ్మా?"

"తెలుగులోనే" అంది చురుగ్గా. ఆ తర్వాత ఆమె కూడా చెప్పలేదు. ఆ ముఖం చూసినవాళ్ళెవరూ చెప్పలేరు.

ఆ రోజు నుంచి నా పని మారింది. నేను ఒక్క మధ్యాహ్నం మానినా నగరిలో ఒక మనిషి దిగులుపడతాడు. ఆదివారం ఆఫీసు సెలవైనా తాళం చెవి అడిగి తీసుకుని వచ్చి తెరిచేవాణ్ణి. యజమాని నా శ్రద్ధకు మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే అది శ్రద్ధ కాదు. నాకోసం ఒక మనిషి ఎదురు చూడడం నా భార్య పోయాక అదే మొదటిసారి. వేరేవాడి పేరుమీద ఎదురు చూస్తే మాత్రమేం అని సరిపెట్టుకున్నాను.

జతగాడు చదువుతున్నాడన్న ధైర్యంతో పెద్దాయన అసలు పేజీ రాశాడు. చీర అంచులో పువ్వు పడాలంటే మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టల దండ ఉండాలి. ఒక కొత్త డిజైను అట్టలు షెడ్డులో కనబడకుండా పోయాయి. మేస్త్రీగా ఉన్న ఇతను, జతగాడే వాటిని వేరే షెడ్డుకు చేరవేశాడని అనుమానించి "దొంగ" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పద్దెనిమిదేళ్ళు సైగలతో బతికిన ఇద్దరి మధ్య నోటితో అన్న ఆ ఒక్క మాట, మగ్గాలన్నీ ఆగిన షెడ్డులో అందరికీ వినబడింది. జతగాడు చేతిలోని బద్ద కింద పెట్టి బయటికి నడిచాడు. "తర్వాత అట్టలు దొరికినాయి. జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు రా" అని పేజీ ముగించాడు.

నేను అది మూడుసార్లు చదివాను. నా కళ్ళు తడిసిన మాట నిజమే. అయినా ఏదో పంటి కింద రాయిలా తగిలింది. అదేమిటో తేల్చుకోకముందే నాకు జ్వరం వచ్చింది. ఆ ఏడు ఊరంతటినీ పట్టిన కీళ్ళ జ్వరం. లేచి మంచినీళ్ళు తాగాలంటే గోడ పట్టుకోవాలి. గదిలో కంప్యూటరు లేదు. పడుకున్నంతసేపూ కౌంటరే కళ్ళముందు ఆడింది. చెన్నై సున్నా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. గుడ్డసంచీతో పెద్దాయన. మా ఆఫీసు అమ్మాయి పంపించిందట. మద్రాసు మనిషి రావడం మానేశాడు, ఏమైనా అయిందేమోనని ఆఫీసుకు పరిగెత్తుకుని వస్తే, "మా సార్‌కు కూడా బాగలేదు, ఒకసారి చూసిపోండి" అందట. కావాలనే అందో, ఊరికే అందో ఆమె ఈనాటికీ చెప్పలేదు.

సంచిలోనుంచి నిమ్మకాయలు తీసి గూట్లో పెట్టి, మంచం అంచున కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళాయ జరం?"

"తొమ్మిది దినాలు."

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"నువ్వేనా?"

నేను తలాడించాను. 

తిడతాడనుకున్నాను. లేచి పోతాడనుకున్నాను. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. స్టేషన్లో ఏదో బండి వచ్చి, నిలబడి, వెళ్ళిపోయింది.

"పోనీలే. సదివినావు గదా" అన్నాడు చివరికి. "ఎట్లుండాది?"

నేను బతుకంతా ఇతరుల మాటలు కొట్టినవాణ్ణి. ఎట్లుందని నన్ను ఎవరూ అడగలేదు.

"బాగుండాది పెద్దాయనా. నిండా బాగుండాది."

"ఆయప్ప సోట్లో కూసోని ఇన్నాళ్ళు సదివితివి. నువ్వే సెప్పు. నువ్వైతే నన్ను మన్నిస్తావా?"

జ్వరం నోట అబద్ధం రాలేదు. "మన్నించను" అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "యాల?"

"అట్టలు దొరికినాయని రాసినారు. యాడ దొరికినాయో రాయలే."

 సంచీ అంచును వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు.

"మా ఇంట్లో" అన్నాడు. "అటక మీద. దండలో తెగిన దారాలు కట్టుకుందామని నేనే ఎత్తుకొచ్చి పెట్టినా. మర్సిపోయినా. ఆరునెల్లకు దొరికినాయి. షెడ్డులో ఒకరికి గూడా సెప్పలే. నా పెండ్లానికి గూడా."

"అది రాయండి."

"నలుగురు సూస్తారు గదప్పా. ఎట్ల రాసేది?"

"నలుగురు లేరు పెద్దాయనా. నేనొక్కణ్ణే."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులోకి పోయింది. నేను చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకోబోతే కీళ్ళు వంగలేదు. అతనే నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను లేచి ఆఫీసుకు పోయిన రోజుకు కొత్త పేజీ వచ్చి ఉంది. అటక, దారాలు, ఆరు నెలలు, అన్నీ రాశాడు. "దొంగ నువ్వు కాదు, మతిమరుపు నాది. తెలిసినాక కూడా నోరు మూసుకున్నది అసలు దొంగతనం. తప్పు నాదే" అని కొట్టాడు. దాంట్లో కూడా రెండు అచ్చుతప్పులు ఉన్నాయి. దాన్ని బుక్‌మార్కు చేశాను. ముప్పై పేర్ల పుస్తకం పక్కకు పెట్టి, మొదటిసారి నా సొంత పేరుతో. ట్యాగులు తెలుగులో పెట్టాను. నగరి, మగ్గం, జతగాడు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆఫీసు ఫోను మోగేది. నగరి నెట్ సెంటరు నుంచి అతను కౌంటర్ చూసుకుంటూ చేసేవాడు.

"చెన్నై ఒకటి. నువ్వేనా?"

"నేనే."

"సరే. తిన్నావా?"

ఇంతే సంభాషణ. ఫోను తీయడానికి వేరేవాళ్ళు ఎవరూ లేచేవాళ్ళు కాదు. నా ఫోను అని అందరికీ తెలిసిపోయింది. తిన్నావా అని అడిగే మనిషి ఉంటే పెరుగన్నం కూడా రుచిగా ఉంటుంది. నవ్వకండి, మీకూ తెలుస్తుంది ఒకరోజు.

కొన్ని నెలలు ఇట్లా గడిచాయి. ఒక సోమవారం నేను చిత్తూరులో పాత ఇంటి అమ్మకం పని చూసుకుని రైల్లో వస్తున్నాను. పాకాలలో బండి నిలబడిపోయింది. ఇంజను కదలదు, ఎప్పుడు కదులుతుందో చెప్పేవాడు లేడు. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటూ, ఇవాళ చెన్నై సున్నా అని అతను కంగారు పడతాడేమోనని నా బాధ. మేడమెట్లు ఎక్కేసరికి ఒంటిగంటన్నర దాటింది. ఫోను మోగుతూనే ఉంది.

"చెన్నై ఒకటి. యాభై నిముసాలు" అన్నాడు. "ఈ దినం నిండాసేపు ఉన్నావే. నువ్వేనా?"

 రిసీవరు చేత్తో మూసి, "అమ్మా, నువ్వు తెరిచినావా?" అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. యజమాని ఊళ్ళో లేడు.

"పెద్దాయనా" అన్నాను. "నేను కాదు."

 అటువైపు వీధిలో మగ్గాల చప్పుడు వినబడుతోంది.

"ఒకసారి మోసపోయినానప్పా" అన్నాడు మెల్లగా. "ముసలోడు సంతోసపడతాడని సెప్పొద్దు."

"నేను ఇప్పుడే రైలు దిగి వస్తి. ఇంకా కంప్యూటరు కూడా వెయ్యలే. నా వేళ్ళ మీద ఒట్టు."

 అతను ఫోను పెట్టేశాడు. ఆ రోజు తిన్నావా అని అడగలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం, తప్పు నాదే అని రాసిన ఆ చివరి పేజీ తెరిచాను. కింద, అభిప్రాయాలు రాసే చోట, పేరు లేకుండా ఎవరో ఒక ముక్క రాశారు.

టక్ టక్.

దాని కింద పెద్దాయన జవాబు. టక్.

కౌంటర్ చూసే అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె చదివి, చున్నీతో కళ్ళు ఒత్తుకుని, "యా అల్లా" అని తన కుర్చీలోకి పోయి కూర్చుంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇద్దరమూ ఫోను మోగుతుందని ఎదురు చూశాం. రెండు గంటలైంది. మోగలేదు.

ఆ మరుసటి రోజూ మోగలేదు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అతను అడగాల్సిన ప్రశ్నకు జవాబు దొరికిపోయింది, నన్నెందుకు అడుగుతాడు? ఇద్దరూ కలిసి ఎక్కడో టీ తాగుతూ ఉంటారు. అది జరగాలనే కదా నేను రెండు వందల సైట్లలో కొట్టింది. అయినా చాలా రోజులు, ఒంటిగంట దాటే దాకా నేను ఆ ఫోను దగ్గరినుంచి కదలలేదు. ఒకసారి లైను పనిచేస్తుందా లేదా అని ఎత్తి కూడా చూశాను. పనిచేస్తోంది.

కొన్నాళ్ళకు ఆ బుక్‌మార్కింగ్ సైట్లన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. నా ముప్పై పేర్లూ వాటితోపాటే పోయాయి. మా ఆఫీసు కూడా పోయింది. నాకు ఎవరూ దండ వేయలేదు గాని, ఆ రోజుతో నేను రిటైరైనట్టే లెక్క వేసుకున్నాను. ఇప్పుడు చిత్తూరులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. పెద్దాయన ఆ పేజీ తర్వాత ఇంకేమీ రాయలేదు. రాయాల్సిన అవసరం తీరిపోయి ఉంటుంది. బ్లాగు మాత్రం అట్లాగే ఉంది, అచ్చుతప్పులతో సహా.

ఫోను మోగడం ఆగిపోయాక కూడా, ఆఫీసు ఉన్నన్నాళ్ళూ, రోజూ మధ్యాహ్నం ఆ పేజీ తెరిచేవాణ్ణి. కౌంటరులో చెన్నై రెండు అని ఉండేది. ఆ రెండింట్లో ఒకటి నేను. నువ్వేనా అని అడిగేవాళ్ళు లేరు కనక, మీకు చెబుతున్నాను.